డిశ్చార్జి చీటీలో నడక కూడా రాయండి: కర్నూలు గుండె వైద్యులకు బహిరంగ లేఖ

కర్నూలులో గుండె జబ్బులకు వైద్యం చేస్తున్న డాక్టర్లకు, ఆసుపత్రులు నడుపుతున్న పెద్దలకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు నమస్కారం.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. గుండెపోటు వచ్చి, గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ, అంటే స్టెంటు వేయించుకుని, ఇప్పుడు రోజూ తెల్లవారుజామున మన ఔట్‌డోర్ స్టేడియంలో నడుస్తున్నవాణ్ణి. మీ ముందు ఒకే ఒక్క విన్నపం పెట్టడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. గుండె రోగిని ఇంటికి పంపేముందు, అతని ఇంటివాళ్లు చూస్తుండగా, మీ కళ్లెదుటే ఒకసారి నడిపించండి. ఆ తర్వాత రోజుకు ఎంతసేపు నడవాలో, ఎలా పెంచుకోవాలో, ఎప్పుడు ఆగాలో మాత్రలు రాసినట్టే తెలుగులో రాసివ్వండి. ఈ రెండూ లేక మా ఇళ్లలో ఏం జరుగుతోందో ఆసుపత్రిలో ఉండే మీకు కనబడదు. అందుకే వివరంగా రాయాల్సి వస్తోంది.

ముందు మీకు చెప్పాల్సిన కృతజ్ఞత ఒకటుంది. ఒకప్పుడు ఈ జిల్లాలో ఎవరికైనా ఛాతీలో నొప్పంటే హైదరాబాదుకు పరుగు తీయడమే. దారిలోనే పోయినవాళ్లను నా సర్వీసులో చూశాను. ఇప్పుడు యాంజియో అయినా స్టెంటయినా బైపాస్ అయినా ఈ ఊళ్లోనే చేస్తున్నారు. పెద్దాసుపత్రిలోనే గుండె ఆపరేషన్లు జరుగుతున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన దగ్గర్నుంచి, ఇవాళ్టి ఎన్టీఆర్ వైద్యసేవ దాకా, కూలికి పోయే మనిషి గుండెకు కూడా లక్షల ఖర్చు వైద్యం అందుతోంది. గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ చిన్న ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల దాకా వచ్చింది. ప్రాణం నిలబెట్టే పని ఇంత బాగా చేస్తున్న మీరు, ఆ మనిషి మళ్లీ తన కాళ్ల మీద తిరిగే దాకా చెయ్యి పట్టుకోవడం లేదన్నదే నా బాధ.

డిశ్చార్జి రోజు ఎలా ఉంటుందో చెప్తాను. మందుల కౌంటర్లో అమ్మాయి ఒక్కో అట్ట మీద ఉదయం, రాత్రి అని గుర్తులు పెట్టి ఇస్తుంది. ఏది తిన్నాక, ఏది తినకముందు అన్నది రెండుసార్లు చెప్తుంది. అక్కడ లోటేమీ లేదు. నడక సంగతి మాత్రం ఫైలు ఆఖరి పేజీలో ఇంగ్లీషులో ఒకటే వరుస. ఎక్కువ శ్రమ పడవద్దు, క్రమం తప్పకుండా వ్యాయామం చేయాలి. రెండూ పక్కపక్కనే. ఎంతదాకా వ్యాయామం, ఎక్కణ్ణుంచి ఎక్కువ శ్రమ? నా ఫైలులో ఉన్నది అదే. స్టేడియంలో పరిచయమైన తోటి రోగుల ఫైళ్లు చూస్తే వాటిలోనూ కాస్త అటూ ఇటుగా అదే. ఇంటికి చేరేసరికి ఆ వరుసలో మొదటి సగమే మిగులుతుంది. రెండో సగం ఎవరికీ గుర్తుండదు.

మేముండేది మేడ మీద. ఆటో దిగి మెట్ల ముందు నిలబడగానే నా కొడుకూ తమ్ముడూ కలిసి నన్నొక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకుపోయారు. ముందురోజు ఆసుపత్రిలో బాత్రూముకు నా అంతట నేనే లేచి పోయాను. అయినా ఆ మెట్ల దగ్గర వద్దనడానికి నోరు రాలేదు, వాళ్లకంటే నాకే ఎక్కువ భయంగా ఉంది. ఆ కుర్చీ తర్వాత మెట్ల మలుపులోనే ఉండిపోయింది, ఎప్పుడైనా దిగాల్సి వస్తే కూలబడడానికి. నా భార్య బాత్రూముకు లోపల గడియ పెట్టనిచ్చేది కాదు. రాత్రి నిద్రలో మెలకువ వస్తే ఆమె అరచెయ్యి నా ఛాతీ మీద ఉండేది, కొట్టుకుంటోందా లేదా అని. నా వేళ్లు నా మణికట్టు మీద ఉండేవి.

చూడ్డానికి వచ్చేవాళ్లు ఆపిల్ పండ్లతో పాటు తలా ఒక కథ తెచ్చేవాళ్లు. "గమ్మున పండుకో బావా, ఇంగ నువ్వు చేసేదేముంది" అని ఒకరు. "ఎవరో కోడుమూరాయన స్టంటేయించుకున్న పది దినాలకే నడవబోయి అట్నే పడిపోయినాడంట" అని ఇంకొకరు. ఆ కోడుమూరాయన పేరేమిటో చెప్పినవాళ్లకూ తెలియదు. కానీ ఆ మాట విన్న రోజున మా ఇంట్లో ఎవరూ నన్ను హాలు దాటనివ్వలేదు. ప్రేమతోనే చేశారు అంతా. మా ఇళ్లలో జబ్బు మనిషిని మంచం దిగనివ్వకపోవడమే సేవ.

ఈ భయం పిరికితనం కాదు సార్. మెట్లెక్కితే గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెమట పోస్తుంది, ఊపిరి బరువవుతుంది. పోటు వచ్చిన రాత్రి కూడా నాకు జరిగినవి అవే. ఒంటికి మామూలుగా కలిగే శ్రమా, చావు దగ్గరికొచ్చిన ఆ గంటా, రెండూ ఒకేలా అనిపిస్తాయి. ఏది ఏదో విడదీసి చెప్పే మనిషి పక్కన లేకపోతే, ప్రతి అడుగూ ఆ రాత్రినే గుర్తుచేస్తుంది. ఈ భయాన్ని మీ శాస్త్రం ఎప్పుడో గుర్తించిందనీ, కొలవడానికి ప్రశ్నల పట్టికలు కూడా ఉన్నాయనీ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ ప్రశ్నలు ఒక్కసారైనా మమ్మల్ని అడగండి. బీపీ ఎంత, షుగరెంత అని అడిగే నోటితోనే, "ఇంట్లో ఎంత నడుస్తున్నావు, నడిస్తే ఏమవుతుందని భయపడుతున్నావు" అని అడగండి. చాలామంది తలొంచుకుని నిజం చెప్తారు.

మీకు తెలిసినవే కొన్ని ఇక్కడ రాస్తాను. ఈ ఉత్తరం చదివే రోగులూ వాళ్ల ఇంటివాళ్లూ తెలుసుకోవాలని.

మంచం పట్టించే వైద్యం ఒకప్పుడు నిజంగానే ఉండేది. గుండెపోటు వస్తే నెలా, నెలన్నర పాటు పక్క మీంచి కదలనిచ్చేవాళ్లు కాదు. 1952లో బోస్టన్‌లో శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్లు రోగుల్ని మంచం దింపి కుర్చీలో కూర్చోబెట్టడం మంచిదని రాశారు. కుర్చీలో కూర్చోవడమే అప్పటికి పెద్ద తెగింపు. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు ఆయన్ను చూసిన పాల్ డడ్లీ వైట్ మెల్లగా నడిపించి, మళ్లీ పనిలో పెట్టించాడు. మరుసటి ఏడాది ఆయన ఎన్నికల్లో నిలబడి గెలిచాడు కూడా. ఇంకా వెనక్కి పోతే, ఛాతీనొప్పిని మొదటగా వివరంగా వర్ణించిన 18వ శతాబ్దపు ఇంగ్లండు వైద్యుడు విలియం హెబర్డెన్, రోజూ అరగంట కట్టెలు కోసే పని పెట్టుకున్న ఒక రోగికి జబ్బు దాదాపు నయమైందని రాసిపెట్టాడు. అంత పాత సంగతి ఇది. మా ఇళ్లలో మాత్రం వైద్యం ఇంకా 1952కు ముందే ఆగిపోయి ఉంది.

పడుకోవడం వల్ల ఏమవుతుందో 1966లో డల్లాస్‌లో పరీక్షించి చూశారు. ఏ జబ్బూ లేని ఐదుగురు ఇరవై ఏళ్ల కుర్రాళ్లను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. వాళ్ల ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే శక్తి పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పిలిచి కొలిస్తే, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల పడక చేసిందే ఎక్కువని తేలింది. గట్టి కుర్రాళ్లకే అంత జరిగితే, అరవై దాటి, పోటు వచ్చి, రెండు నెలలు హాలులో టీవీ ముందు కూర్చున్న మనిషి సంగతి ఆలోచించండి. కాళ్లలో కండ కరుగుతుంది. కండ కరిగితే అదే పది మెట్లకు గుండె ఇంకా ఎక్కువ కష్టపడాలి. ఎక్కువ కష్టపడితే ఆయాసం. ఆయాసం వస్తే భయం, భయంతో మళ్లీ కుర్చీ. జబ్బు ముదిరిందని ఇంట్లో అనుకుంటారు. ముదిరింది జబ్బు కాదు, కదలకపోవడం.

అదే రోజూ నడిస్తే కాళ్ల కండ రక్తంలోంచి ఆక్సిజన్‌ను బాగా లాక్కోవడం నేర్చుకుంటుంది. అంతే పనికి గుండె మీద బరువు తగ్గుతుంది. వ్యాయామంతో కూడిన గుండె పునరావాసం మీద జరిగిన 85 పరిశోధనలను, 23 వేలకు పైగా రోగుల వివరాలను కలిపి 2021లో కాక్రేన్ సంస్థ లెక్కచూసింది. గుండె జబ్బుతో చనిపోవడం, మళ్లీ పోటు రావడం, మళ్లీ ఆసుపత్రిలో చేరడం తగ్గుతాయని తేలింది. మా వృత్తి గురించి కూడా ఒకటుంది. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువని చూపించాడు. తక్కువంటే అసలు రాదని కాదు, నాకు వచ్చింది. కానీ సర్వీసంతా కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన మనిషిని, పోటు వచ్చిందని పూర్తిగా కూర్చోబెట్టడం ఎంత తప్పో ఆ పరిశోధన చదివాకే నాకు అర్థమైంది.

ఇక మా మధ్య తిరిగే అపోహలు. మీరు రెండు నిమిషాలు కేటాయిస్తే పోయేవి.

స్టెంటు జారిపోతుందన్నది మొదటిది. దగ్గినా తుమ్మినా జారుతుందని భయపడేవాళ్లున్నారు. నేను అడిగి తెలుసుకున్నదేమిటంటే, బస్సు టైరులో ఉండే గాలి ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడితో లోపల బెలూను ఉబ్బించి, ఆ జాలీని రక్తనాళం గోడకు అదుముతారు. తర్వాత కొన్ని వారాల్లో, నెలల్లో దాని మీద రక్తనాళపు సొంత పొర పెరుగుతుంది. నడకకు అది జారదు. స్టెంటుకు అసలు ప్రమాదం రక్తం పల్చబడే మాత్రలు డాక్టరును అడక్కుండా ఆపేస్తేనే. మా వాళ్లు నడకకు భయపడతారు గానీ, మాత్రలు ఆపడానికి భయపడరు. రెండూ తలకిందులుగా ఉన్నాయి.

రెండోది పంపింగ్. ఎకో, అంటే గుండె స్కానింగు చేసి "పంపింగ్ 40 ఉంది" అంటారు. మాకది పరీక్షలో నూటికి నలభై మార్కుల్లా వినిపిస్తుంది, గుండెలో అరవై వంతులు చచ్చిపోయాయనుకుంటాం. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా తనలో నిండిన రక్తాన్ని ప్రతిసారీ మొత్తం తోసెయ్యదనీ, సుమారు 55 నుంచి 70 వంతులే తోస్తుందనీ, నలభై అంటే ఆ కొలతలో చూడాలనీ చెప్పండి. 35 లేదా అంతకంటే తక్కువ పంపింగ్ ఉన్న 2,331 మందితో చేసిన పరిశోధన 2009లో వచ్చింది. జాగ్రత్తగా చేయించిన వ్యాయామం వాళ్లక్కూడా సురక్షితమేనని అందులో తేలింది. ఈ ఒక్క మాట తెలియక, పంపింగ్ అంకె విన్న రోజు నుంచి వాకిలి దాటని మనుషులు నాకు తెలుసు.

మూడోది ఎవరూ అడగనిది. భార్యాభర్తలు మళ్లీ ఎప్పుడు కలవచ్చన్నది. సిగ్గుతో మేం అడగం. మీరు చెప్పరు. ఆ మౌనంలో ఎన్నో సంసారాలు విడి పడకలైపోతున్నాయి. రెండంతస్తుల మెట్లు నొప్పీ ఎక్కువ ఆయాసమూ లేకుండా ఎక్కగలిగిన మనిషికి మామూలుగా ఆ భయం అక్కర్లేదని వైద్యశాస్త్రం చెబుతోంది. నైట్రేటు మాత్రలు, అంటే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటివి వాడేవాళ్లు సిల్డెనాఫిల్ (వయాగ్రా) రకం మాత్రల జోలికే పోకూడదనీ, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుందనీ కూడా మీ నోటి నుంచే రావాలి. లేకపోతే మెడికల్ షాపులో గుసగుసగా అడిగి తెచ్చుకుంటారు.

నన్ను నడిపించింది ఎవరో చెప్తాను. రివ్యూకు పోయి బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్నాం. అటుగా పోతున్న ఫిజియోథెరపీ అమ్మాయి ఆగి, "ఏం పెద్దాయనా, నాడి పట్టుకుని కూర్చున్నావ్?" అంది. భయమని చెప్పలేదు, అలవాటన్నాను. ఆమె లోపలికి పోయి డాక్టరుగారిని అడిగి వచ్చింది. బీపీ చూసింది. నా వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించి, నా భార్య వైపు తిరిగి, "అమ్మా, నంబరు నువ్వే చదవాల, నేను చూడను" అంది. ముగ్గురం మందుల కౌంటరు దగ్గర్నుంచి లిఫ్టు దాకా ఆ వరండాలో నడవడం మొదలుపెట్టాం. మొదట మెల్లగా, తర్వాత కొంచెం తొందరగా.

నేనేం చేసేవాణ్ణని అడిగింది. కండక్టరునంటే, "అయితే నంద్యాల రూటులో స్టాపులు చెప్తూ నడువు" అంది. నన్నూరు, ఓర్వకల్లు, హుసేనాపురం, కాల్వబుగ్గ, తమ్మరాజుపల్లె. నా భార్య వెనక నుంచి తొంభై ఏడు, తొంభై ఎనిమిది అని చదువుతోంది. పాణ్యం దగ్గరికి వచ్చేసరికి నా గొంతులో ఊపిరి కొంచెం బరువైంది. ఆగిపోబోయాను. "ఆగొద్దు, మెల్లగా నడువు. ఇదే కావాల్సిన ఆయాసం. మాట వస్తోంది కదా? మాట రాకుంటే ఎక్కువ. పాట పాడగలిగితే తక్కువ. నడుమ ఉండాల" అంది. నంద్యాల చెప్పి, కుర్చీలో కూర్చున్నాను. మళ్లీ బీపీ చూసి, కాగితం నా భార్య చేతికిచ్చింది. నా గుండె చెవుల్లో వినిపించేంతగా కొట్టుకుంది, తర్వాత దానంతట అదే నెమ్మదించింది. ఆ నెమ్మదించడం నేను కళ్లారా చూశాను. అంతవరకూ, వేగంగా కొట్టుకుంటే ఇక ఆగిపోవడమేనని నా లోపల ఎక్కడో ఉండేది.

ఆ రోజు ఇంటికి పోయాక మెట్ల మలుపులో కుర్చీని నా భార్యే కిందికి దించేసింది. నేను వంద పుస్తకాలు చదివి చెప్పినా ఆమె దించేది కాదు. చేతికి మిషను ఇచ్చి, అంకె చదివించి, పక్కన నడిపించారు కాబట్టి దించింది. ఇంటివాళ్లు చూస్తుండగా నడిపించండని మొదటే అడిగింది ఇందుకే. రోగి భయం సగమే, మిగతా సగం ఇంట్లో ఉంటుంది. మందు రెండింటికీ వేయాలి.

ఆ అమ్మాయి చేసింది ఆమె జీతంలో లేని పని. నా అదృష్టం కొద్దీ ఆమె అటుగా వచ్చింది. అదృష్టంతో జరిగినది అందరికీ పద్ధతిగా జరగాలన్నదే నా మనవి.

పద్ధతంటే నేను చూసినంతలో ఇలా ఉండొచ్చు. డిశ్చార్జికి ముందు ఆరు నిమిషాల నడక, వీలైనవాళ్లకు కొన్ని మెట్లు కూడా, ఇంటి మనిషి ఒకరు తోడుగా. తర్వాత ఒక తెలుగు కాగితం. అందులో మొదటి వారం పూటకు ఇన్ని నిమిషాలు, ఇన్నిసార్లు, వారానికి ఇంత పెంపు, అరగంట దాకా ఎప్పటికి చేరాలి అన్నవి ఆ మనిషికి తగినట్టు పెన్నుతో నింపి ఉండాలి. అందరికీ ఒకే అచ్చు కాగితం వద్దు. స్టెంటు వేసుకున్నవాడికీ, బైపాస్ అయి ఛాతీ ఎముక తీగలతో కట్టి ఉన్నవాడికీ ఒకే లెక్క కుదరదు. ఆ ఎముక గట్టిపడడానికి 6 నుంచి 8 వారాలు, పూర్తిగా అతకడానికి మూడు నెలల దాకా పడుతుందనీ, అందాకా చేతులతో బరువులెత్తడం వద్దు గానీ నడక ఆపాల్సిన పని లేదనీ రాసిస్తే, మా వాళ్లు రెండింటినీ కలిపి మంచమెక్కరు. నొప్పి కుదురుకోనివాళ్లు, వాల్వు బాగా బిగుసుకుపోయినవాళ్లు, గుండె లయ తప్పేవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు ఇప్పుడే నడవకూడదన్నదీ మీరే తేల్చాలి. నడవచ్చో లేదో తేల్చకుండా వదిలేస్తే, నడవదగినవాడు పడుకుంటాడు, పడుకోవాల్సినవాడు పంతానికి పోయి పరుగెత్తుతాడు.

మొదటి ఐదు నిమిషాలు మెల్లగా, ఆఖరి ఐదు నిమిషాలూ మెల్లగా అన్నది తప్పకుండా రాయండి. తొందరగా నడుస్తూ టక్కున నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి. అది చూసి మళ్లీ పోటనుకుని మానేసినవాళ్లున్నారు. నాడి లెక్కపెట్టమని చెప్పేముందు ఆలోచించండి. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు నాడి ఎంతైనా పెద్దగా పెరగదు, మాట వస్తోందా లేదా అన్నదే మాలాంటివాళ్లకు తేలికైన కొలత. ఎప్పుడు ఆగాలో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఛాతీలో బిగింపు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, కళ్లు తిరగడం, గుండె తప్పితప్పి కొట్టుకోవడం, వీటిలో ఏది వచ్చినా ఆగి కూర్చోవాలి, నిలబడి ఉండగా సార్బిట్రేట్ పెట్టుకోకూడదు, మాత్ర నాలుక కింద పెట్టుకున్న ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయాలి. ఎప్పుడు భయపడాలో స్పష్టంగా చెబితేనే మిగతా వేళల్లో భయపడకుండా ఉండగలం.

మన ఎండల సంగతి పైనుంచి వచ్చే కాగితాల్లో ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊరు మనది. బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు వేసుకున్న మనిషి ఎనిమిదింటికి ఎండలో నడిస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. తెల్లవారకముందో, పొద్దుగూకినాకో నడవమనండి. కడుపునిండా ఉగ్గాని, బజ్జీలు తిని వెంటనే నడవొద్దనండి, గంటా గంటన్నర ఆగమనండి.

పల్లెల మాట వేరు. ఆలూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చే రైతు అడిగేది వాకింగు గురించి కాదు. మందు కొట్టే పంపు వీపుకు ఎప్పుడు తగిలించుకోవచ్చు, వేరుశనగ బస్తా ఎప్పుడు ఎత్తచ్చు, రాత్రి కరెంటు వస్తే మోటారు దగ్గరికి పోవచ్చా అని. వీటికి జవాబు దొరక్క, బైపాస్ అయిన ఒక రైతు పొలాన్ని కౌలుకిచ్చేసి, కొడుకును చదువు మాన్పించిన సంగతి నాకు తెలుసు. ఆయనకు నెలల తర్వాత వేరే డాక్టరు, నువ్వు మామూలుగా పని చేసుకోవచ్చని చెప్పాడు. అప్పటికి కుర్రాడు బెంగళూరులో కూలిపనిలో ఉన్నాడు. మీరు రాసే నడక చీటీలో పని గురించి కూడా రెండు వరుసలుండాలనేది అందుకే.

ఆడవాళ్ల విషయం నాకు ఇంకా బాధ. మగవాణ్ణి మంచం దిగనివ్వని ఇల్లే, ఆడమనిషిని పదిరోజులకే పొయ్యి దగ్గరికీ నీళ్ల బిందె దగ్గరికీ పంపుతుంది. ఆమెకు నడక ఎవరూ చెప్పరు, చెప్పినా తెల్లవారుజామున ఒంటరిగా బయటికి పోలేదు. ఇంటిపనే వ్యాయామం కదా అంటారు. వంగి లేచి, బరువులెత్తి, నిద్ర చాలక చేసే పని, గుండెకు మంచి చేసే నడక ఒకటి కాదని ఆమె ముందు కాదు, ఆమె భర్త ముందూ అత్త ముందూ మీరు చెప్పాలి. నడవడానికి తోడెవరు వస్తారో ఆ గదిలోనే అడగాలి.

జిల్లా అధికారులకు ఒక మాట. దీనికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. నీడ ఉన్న ఒక వరండా, బీపీ మిషను, వేలి క్లిప్పు, ఈసీజీ, అత్యవసరానికి దగ్గర్లో గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటరు, శిక్షణ ఉన్న ఒక ఫిజియోథెరపిస్టు చాలు. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో, యోగా ఆధారంగా 12 వారాల పునరావాసం చేయించి చూశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. మళ్లీ పోటు రావడంలో, మరణాల్లో స్పష్టమైన తేడా కనిపించలేదు గానీ, యోగా చేసినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందని చెప్పారు, మునుపటి పనులకు ఎక్కువగా తిరిగొచ్చారు. ఖర్చు తక్కువ, మనవాళ్లకు కొత్త కాదు. పెద్దాసుపత్రిలో వారానికి రెండు పూటలు ఇలాంటి గది ఒకటి నడిపితే, దశాబ్దాలుగా డాక్టర్లను తయారుచేస్తున్న మన మెడికల్ కాలేజీ పిల్లలకూ అదొక పాఠమవుతుంది. ఊళ్లలో ఏఎన్ఎంలకూ, ఆశా కార్యకర్తలకూ ఆ తెలుగు కాగితం చదివి, రోగి ఎంత నడిచాడో అడిగేపాటి శిక్షణ ఇప్పించండి. బీపీ చూడ్డానికి ఎలాగూ ఇంటికొస్తున్నారు. ఎన్టీఆర్ వైద్యసేవ కింద గుండె వైద్యం చేసే ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జికి ముందు నడిపించి పంపాలన్న నిబంధన కోసం ప్రభుత్వానికి రాయండి.

డాక్టర్లకు తీరిక లేదని నాకు తెలుసు. ఓపీలో మీ గది బయట ఎంతమంది ఉంటారో అందులో ఒకణ్ణై చూశాను. ఇరవై నిమిషాలు మీరు నడిపించమనడం లేదు. మీ సంతకంతో, మీ మాటగా, మీ దగ్గర పనిచేసే నర్సో ఫిజియోథెరపిస్టో నడిపిస్తే చాలు. కానీ "నువ్వు నడవచ్చు" అన్న మాట మాత్రం మీ నోటి నుంచి రావాలి. స్టెంటు వేసిన మనిషి చెబితే మా ఇంట్లో దానికి ఎదురుండదు.

మేం కొందరం, స్టెంటువాళ్లం, బైపాస్‌వాళ్లం, రోజూ తెల్లవారుజామున ఐదున్నరకల్లా ఔట్‌డోర్ స్టేడియం గేటు దగ్గర కలుస్తాం. మాలో ఒక రిటైర్డ్ నర్సమ్మ కూడా ఉన్నారు. మీరు నడవచ్చని రాసిచ్చిన రోగి ఎవరైనా ఒంటరిగా నడవడానికి భయపడుతుంటే, ఆ చీటీ జేబులో పెట్టుకుని రమ్మనండి. ఇంటి మనిషిని కూడా వెంటబెట్టుకుని రమ్మనండి. వాళ్ల నడక ఎంత మెల్లగా ఉంటే అంత మెల్లగా పక్కనే నడుస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు,
కర్నూలు.